తొలి కడుగునీళ్లు

ల్యాబు తలుపు తీయగానే ఎదురుగోడ మీద ఫ్రేము కట్టించిన గ్రాఫ్ ఒకటి కనిపిస్తుంది. పెళ్ళి ఫొటోకి కూడా అంత మంచి ఫ్రేము ఎవరూ కట్టించరు. అందులో ఉన్నది ఒకే ఒక గీత. ఎడమవైపు కింది మూలలో మొదలై కుడివైపు పై మూల దాకా, స్కేలు పెట్టి గీసినట్టు, ఎక్కడా ఊగకుండా తూలకుండా వెళ్తుంది. ఇంజెక్షన్ ఒక్కసారి వేస్తే చాలు, మందు రోజుకింతని నెల పొడుగునా సమానంగా విడుదలవుతుందని దాని అర్థం. ఆ గీతకి తండ్రి ఫార్ములేషన్ విభాగం పెద్ద. ఎవరొచ్చినా ముందు దాని ఎదుట నిలబెట్టి, తాను ఒక అడుగు వెనక్కి వేసి, వాళ్ళ మొహాల్లో ఆశ్చర్యం కోసం వెతుక్కుంటాడు. అందుకే ఆయన లేనప్పుడు అందరూ ఆయన్ని సరళరేఖ అంటారు. ఉన్నప్పుడు సార్ అంటారు, మరీ జీతం పెరిగే నెలైతే రెండుసార్లు అంటారు.

ఆ ల్యాబులో ఇంకో మారుపేరు కందిరీగ. చేరిన కొత్తలో ఒక మీటింగులో వరసగా మూడు ప్రశ్నలు అడిగిందని సరళరేఖే ఆ పేరు పెట్టాడు. నాలుగో ప్రశ్న అడగలేదు కాబట్టి తేలు కాకుండా పోయింది.

కందిరీగ పని పూసలు చేయడం. దండకి గుచ్చే పూసలు కాదు, ఒక్కొక్కటి విడిగా కంటికి ఆనను కూడా ఆననివి. మందుని కొద్దిగా నీళ్లలో కరిగించి, ద్రావకంలో కరిగిన పాలిమర్‌లో కలిపి గిలక్కొడితే తెల్లగా, చిక్కగా వస్తుంది. దాన్ని పెద్ద పాత్రలో నీళ్లలోకి వదిలి తిప్పుతూ ఉంటే చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. బొట్లు ఒకదాన్నొకటి కావలించుకోకుండా ఆ బయటి నీళ్లలో స్టెబిలైజర్ ఉంటుంది. ద్రావకం ఎగిరిపోయాక బొట్లు గట్టిపడి పూసలవుతాయి. ఒంట్లోకి వెళ్ళాక పాలిమర్ మెల్లగా అరుగుతూ, లోపలున్న మందుని మెల్లగా వదులుతుంది.

వినడానికి ఎంత బాగుందో! చేయబోతే తెలుస్తుంది. స్టెబిలైజర్ తగ్గితే పూసలన్నీ ముద్దకడతాయి. పెరిగితే మరీ సన్నగా వచ్చి మందుని తొందరగా ఒలకబోస్తాయి. పాలిమర్ రకం మారిస్తే నెలకి రావాల్సిన మందు వారంలో అయిపోతుంది, లేకపోతే నెల దాటినా గడప దాటదు. ఒకదాన్ని బుజ్జగిస్తే ఇంకొకటి అలుగుతుంది. ఉమ్మడి కాపురాన్ని సీసాలో పెట్టి తిప్పినట్టు ఉంటుంది.

ఈ కాపురాన్ని చక్కదిద్దినవాడు సరళరేఖ అని ల్యాబు చరిత్ర చెబుతుంది. చరిత్ర చెప్పేవాడు కూడా సరళరేఖే కాబట్టి ఇందులో అనుమానానికి తావు లేదు. ఒకప్పుడు రెండో వారం రాగానే మందు ఆగిపోయి గీత బల్లపరుపుగా పడుకునేదట. అప్పుడు ఆయన లోపలి నీళ్లలో చక్కెరకి దూరపు చుట్టమైన ఒక పదార్థం కలిపించాడు. గీత లేచి నిటారుగా నిలబడింది. ఆ పదార్థానికి రసాయనశాస్త్రం పెట్టిన పేరు వేరే ఉంది. ఆయన మాత్రం "నా చిటికెడు" అంటాడు, పెద్ద వంటవాడు మసాలా రహస్యం చెప్పనట్టు కన్ను కొట్టి మరీ.

పూసలు తయారయ్యాక వాటి మందు విడుదల కొలవాలి. దానికి ముందు ఒక పని ఉంది. పద్ధతి పత్రంలో దాని పేరు "ఉపరితల శుద్ధి". అంటే పొడిని గొట్టంలో వేసి, ఒంటి ద్రవాన్ని పోలిన బఫర్ నీళ్లు పోసి, బాగా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి, పైన తేలిన నీళ్లు సింకులో పారబోయడం. ఆ తర్వాతే అసలు పరీక్ష మొదలు. అందరూ అలాగే చేసేవారు. పేరు అంత పెద్దగా ఉన్నాక ఎందుకని ఎవరడుగుతారు?

కందిరీగ ఉండేది మేనత్త ఇంట్లో. మేనత్త దర్జీ. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక పరదా. ఆవిడకి తలలో ఒక గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోంది. అందువల్ల చేతులు, పాదాలు లావెక్కుతూ వచ్చాయి. చెప్పుల సైజు ఏటా పెరుగుతోంది. కత్తెర పిడిలో బొటనవేలు దూరడం మానేస్తే, ఆ పిడిని రెండుసార్లు అరగదీయించింది. ఇక అరగదీయడానికి ఇనుము మిగల్లేదు. గ్రంథిని అదుపులో పెట్టడానికి రోజూ పొట్టలో సూది పొడుచుకుంటుంది. ల్యాబులో చేస్తున్నది ఆ మందునే. నెలకొక్కసారి వేసుకుంటే సరిపోయే రూపంలో.

ఒక సాయంత్రం మేనత్త జాకెట్టుకి కాజాలు కుడుతూ, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఒసేయ్ అమ్మడూ, నేను మీ మందులో చేరిపోయాను."

"మా మందులో చేరడమేంటి అత్తా? అదేమన్నా బస్సా?"

"ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగారు. కొత్త మందొస్తోంది, నెలకొక్క సూదే, ముందుగా కొంతమందికి వేసి చూస్తాం, మీరు వస్తారా అని. ఏ కంపెనీ అన్నాను. మీదే. ఇక ఆలోచించేదేముంది? సంతకం పెట్టేశాను. మొదటి జట్టులోనే."

"నాతో ఒక్క మాట చెప్పాలి కదా!"

"నీతో చెబితే నాలుగు రోజులు క్లాసు పీకుతావు. నీ చేత్తో చేసిన మందే కదే, నాక్కాకపోతే ఎవరికి వేస్తావు? ఇదిగో, ఈ కత్తెర చూడు. ఇంకో ఆర్నెల్లయితే నా వేలికి గొడ్డలే దిక్కు."

కందిరీగకి లోలోపల గర్వం లాంటిదే అనిపించింది. గర్వం వచ్చిందంటే ఏదో కొంప మునగబోతోందని ఆమెకి తెలిసుండాల్సింది.

మరుసటి వారం సెంట్రిఫ్యూజ్ మూత విరిగింది. బాగుచేసేవాడు వచ్చి, దాని చుట్టూ తిరిగి, నాలుక చప్పరించి, విడిభాగం రావాలన్నాడు. సరళరేఖ అప్పుడు ఊళ్ళో లేడు. ఏదో సదస్సులో తన గీత గురించి ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్ళాడు. ఆస్పత్రికి పంపబోయే బ్యాచ్ పరీక్ష ఆలస్యం కాకూడదు. కడగడం ఒక్కటే కదా తప్పింది, పోనీలే అనుకుని కందిరీగ పొడిని నేరుగా ఫ్లాస్కులో వేసి పరీక్ష మొదలుపెట్టింది.

మర్నాడు మందు కొలిచే యంత్రం చూపించిన అంకెని ఆమె ముందు నమ్మలేదు. యంత్రానికి జ్వరమొచ్చిందనుకుంది. కొత్త పొడి తీసుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. మూడోసారి పొడిని సన్నటి వడపోత కాగితం మీద చేత్తో కడిగింది. ఈసారి అంకె బుద్ధిగా కిందికి దిగింది. కడిగిన నీళ్లు సింకులో పోయబోయి, ఆగి, వాటిని కూడా యంత్రానికి ఇచ్చింది.

నెలంతా రావాల్సిన మందులో మూడో వంతు ఆ నీళ్లలో ఉంది.

ఆమె ఆ పూసల్ని పట్టుకుని మైక్రోస్కోప్ గదికి వెళ్ళింది. అక్కడుండే మనిషిని అందరూ చీకటన్నయ్య అంటారు, ఎప్పుడూ లైటార్పుకుని కూర్చుంటాడని. ఆయన పూసల్ని గడ్డకట్టించి, కోసి, తెర మీద పెద్దగా చూపించాడు. బయటికి గుండ్రంగా ముద్దొస్తున్నాయి. లోపల చెదలు తిన్న చెక్క.

"ఇది పూస కాదమ్మా, జల్లెడ," అన్నాడు చీకటన్నయ్య.

"చిటికెడు లేనిది కూడా ఒకటి తెచ్చాను. పాత సీసా. అది చూడు అన్నయ్యా."

చిటికెడు లేని పూస నిండుగా, గట్టిగా ఉంది.

"అయితే మీ సారుగారి చిటికెడే నీళ్లు తాగిందన్నమాట."

"తాగడమా! పూస ఇంకా మెత్తగా ఉండగానే బయటి నీళ్లన్నిటినీ లోపలికి లాగేసింది. లాగిన దారులన్నీ అలాగే ఉండిపోయాయి. ఆ దారుల వెంట మందు ఒడ్డుకొచ్చి కూర్చుంది. బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు ఉంటారు చూడు, అలాగ. స్టాపు రాకముందే దూకేస్తారు."

"మరి ఆ ఫ్రేములో గీతకి మొదట్లో గెంతు లేదేం?"

"దూకేవాళ్ళందర్నీ మనమే ముందు దింపేసి, తర్వాత టికెట్లు లెక్కపెడుతున్నాం కాబట్టి."

చీకటన్నయ్య నవ్వబోయి మానేశాడు. "అమ్మడూ, మనుషులకి వేసేముందు ఎవరు కడుగుతారే?"

ఆమెకి ఒక్కసారిగా మేనత్త పొట్ట, దాని మీద రోజువారీ సూదుల చుక్కలు గుర్తొచ్చాయి. ఆ మందు ఎక్కువైతే గుండె నెమ్మదిస్తుంది. మరీ ఎక్కువైతే ఎంత నెమ్మదిస్తుందో ఎవరూ చూడలేదు, చూడాలని ఎవరికీ లేదు. అలా చూపించబోయే మొదటి జట్టులో మేనత్త ఉంది.

సరళరేఖ సదస్సు నుంచి మెడలో తాడూ, దానికి వేలాడే బిళ్ళా తీయకుండానే వచ్చాడు. ఆ బిళ్ళ మీద "వక్త" అని ఉంది. అది తీసేస్తే తానెవరో జనం మర్చిపోతారని భయం కాబోలు. కందిరీగ అంకెలు చూపించింది.

"నీ చెయ్యి వణికుంటుందమ్మా."

"రెండుసార్లూ ఒకేలా వణికిందా సార్?"

"చూడమ్మా, కడగడం ఎందుకు పెట్టామో నీకు అర్థం కాలేదు. పైన అంటుకున్న మలినం పోవాలని."

"అది మలినం కాదు సార్. మందు."

"ఉండాల్సిన చోట లేని మందుని మలినమనే అంటారు."

అంత చక్కటి మాట పుట్టినందుకు ఆయనకే ముచ్చటేసింది. పెన్ను తీసి రాసుకుందామా అన్నట్టు జేబు తడుముకున్నాడు.

"మరి ఎలుకల మీద పరీక్షలో తొలిరోజు రక్తంలో ఎంత కనిపించింది సార్?"

"తొలిరోజు రక్తం తీయలేదు. సూది పొడిచిన రోజు ఎలుకలు కంగారుగా ఉంటాయి. వాటిని స్థిమితపడనిచ్చి రెండోరోజు నుంచి తీశాం."

"మనుషుల్ని కూడా రెండోరోజు నుంచే చూస్తామా?"

ఆయన మొహం గీతలాగే బిగుసుకుంది.

"సార్, చిటికెడు తీసేద్దాం. లేదా ఉండనిచ్చి, బయటి నీళ్లలో ఉప్పు కలుపుదాం. రెండు వైపులా లాగుడు సమానమైతే నీళ్లు లోపలికి పోవు, దారులు పడవు. నేను చిన్న బ్యాచ్ చేసి చూశాను. గెంతు చాలా తగ్గింది. కాకపోతే రెండో వారంలో గీత కాస్త వంగుతుందేమో."

"వంగుతుందా?"

ఆ ఒక్క మాటే ఆయన చెవిన పడింది. ఎవరి గుండె ఆగినా సర్దుకుపోయేవాడేమో, గీత వంగడాన్ని మాత్రం తట్టుకోలేకపోయాడు.

"వంకర గీత పట్టుకెళ్ళి డాక్టర్ల ముందు పెట్టమంటావా? నవ్వరూ? విను, ఎల్లుండి సమీక్ష. మూత బాగయింది. పద్ధతి ప్రకారం కడిగి, తొలిరోజు అంకె తీసి, సంతకం పెట్టు. నీకు ఇబ్బందైతే చెప్పు. సంతకం పెట్టగల చేతులు ఈ బిల్డింగులో బోలెడున్నాయి."

ఆ సాయంత్రం కందిరీగ పరదా పక్కకి తోసి, బూట్లు కూడా విప్పకుండా అంది.

"అత్తా, ఆ జట్టులోంచి పేరు తీయించెయ్."

మేనత్త మిషను ఆపలేదు. "ఎందుకు?"

"మందు బాలేదు."

"నువ్వు చేసిందేగా?"

"అవును. బాలేదు. తొలిరోజే మూడో వంతు ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కుతుంది."

మిషను ఆగింది. మేనత్త దారం తెంపి, గుడ్డని మోకాలి మీద పరిచి, అరచేత్తో సాఫుచేసింది. ఆ అరచెయ్యి ఇప్పుడు గుడ్డలో సగం కప్పేస్తోంది.

"నా పేరు తీయించేస్తే నా చోట ఎవరొస్తారు?"

"ఇంకెవరో."

"వాళ్ళకి ఇంట్లో నీలాంటి మేనకోడలు ఉండదుగా, పరదా తోసుకుంటూ వచ్చి చెప్పడానికి."

"అదంతా నేను చూసుకుంటా. ముందు నువ్వు…"

"ఏం చూసుకుంటావే? నన్ను తప్పించి, ఇంకొకరిని తోసి, చేతులు కడుక్కుంటావా? నేను తీయించను. మంచి మందొస్తే నాకే ముందు కావాలి. చెడ్డదైతే ఆపించు. దానికేగా నీకు జీతం!"

"అది అంత తేలికేం కాదు అత్తా."

"నాకు సూదిలో దారం ఎక్కించడం తేలికా ఈ వేళ్ళతో? ఎక్కిస్తున్నానా లేదా?" మేనత్త మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. "బూట్లు విప్పి లోపలికి రా. గదంతా మట్టి చేశావు."

సమీక్ష రోజు పెద్ద గదిలో, పొడవాటి బల్ల ఒక చివర కంపెనీ పెద్ద మేడం, ఇంకో చివర ఆస్పత్రి డాక్టరు కూర్చున్నారు. మధ్యలో అందరి ముందూ నీళ్ల సీసాలు, తెరవని బిస్కెట్ పొట్లాలు. పరీక్ష పత్రంలో సంతకం చోటు ఖాళీగానే ఉంది. కందిరీగ పెట్టలేదు, పెట్టనని చెప్పనూ లేదు. సరళరేఖ దాన్ని ఆమె భయం కింద లెక్కేసుకున్నాడు. మీటింగయ్యాక ఎదురుగా నిలబడి పెట్టించుకోవచ్చనుకున్నాడు. తెర మీద గీతని ఆయన ఎంత మురిపెంగా చూపించాడంటే, కాసేపట్లో దానికి జోల పాడతాడేమో అనిపించింది.

అంతా అయ్యాక డాక్టరు ఒక మామూలు ప్రశ్న అడిగాడు.

"మా నర్సు దీన్ని ఎలా తయారుచేయాలి?"

"చాలా తేలిక. వయల్‌లో పొడి ఉంటుంది. ద్రవం పోసి, కుదిపి, వెంటనే వేసేయడమే."

"కడగక్కర్లేదా సార్?" అంది కందిరీగ.

గదిలో ఎవరో తెరవబోయిన బిస్కెట్ పొట్లం చప్పుడు ఆగిపోయింది.

"దేన్ని కడగడం?" అన్నాడు డాక్టరు.

"పొడిని డాక్టర్‌గారూ. మేం ఇక్కడ పరీక్షకి ముందు ప్రతిసారీ కడుగుతాం. కడిగిన తర్వాత మిగిలినదాన్నే కొలుస్తాం. ఈ గీత కడిగిన పూసలది. వయల్‌లో వెళ్ళేవి కడగని పూసలు. అందుకని అడుగుతున్నాను, అక్కడ నర్సు కడగాలా, లేకపోతే లోపలికి వెళ్ళాక పేషెంటే కడుక్కోవాలా?"

"అది ల్యాబు సాంకేతిక విషయం," అన్నాడు సరళరేఖ, నవ్వు చెక్కుచెదరకుండా. "మా అమ్మాయికి ప్రశ్నలంటే సరదా."

"నాకూ సరదానే," అంది పెద్ద మేడం. "కడిగిన నీళ్లలో ఏముంది?"

"నెల మందులో మూడో వంతు మేడం. ఇన్నాళ్ళూ సింకుకి ఇచ్చాం. దానికి గుండె లేదు కాబట్టి సరిపోయింది."

డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు. "ఆ మూడో వంతు ఒకేరోజు ఎక్కితే మనిషి గుండె ఎంత నెమ్మదిస్తుందో మీకు తెలుసా?"

"నెల మొత్తం మీద సగటు తీసి చూస్తే…" అని మొదలుపెట్టాడు సరళరేఖ.

"సగటున చూస్తే నా పేషెంట్ బతికే ఉంటాడు లెండి. నేను ఒక్కొక్కరినే చూస్తాను."

తర్వాత చాలాసేపు సరళరేఖ మాట్లాడాడు. పరిశ్రమలో ఆనవాయితీ గురించి, ఉపరితలం గురించి, తన అనుభవం గురించి. ఎవరూ అడ్డు చెప్పలేదు. వినడం మానేసిన గదిలో ఎంతసేపైనా మాట్లాడవచ్చు. చివరికి మేడం రెండు ముక్కలు చెప్పింది. ఈ బ్యాచ్ బయటికి వెళ్ళదు. ఇకమీదట పూసల్ని కడగకుండా, తొలి గంట నుంచి కొలవాలి, ఎలుకల్లో కూడా.

సరళరేఖకి ఏమైందని అడుగుతారేమో. ఏమీ కాలేదు. అలాంటివాళ్ళకి ఏమీ కాదు. ఇంత పెద్ద గెంతు ఇన్నాళ్ళూ ఎవరి కంటా ఎందుకు పడలేదో విచారించే కమిటీ వేశారు, దానికి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. కందిరీగ బయటి నీళ్లలో ఉప్పు పాళ్ళు సరిచేసి, చిటికెడులో సగం తగ్గించి, స్టెబిలైజర్ కాస్త సవరించి కొత్త పూసలు చేసింది. గీత మొదట కొద్దిగా లేచి, రెండో వారంలో కాస్త కునికి, మళ్ళీ నడిచింది. మనిషి నడకలా ఉంది. సరళరేఖ దాన్ని చూసినప్పుడల్లా చెప్పులో రాయి పడ్డట్టు మొహం పెట్టేవాడు. కానీ డాక్టరు అది చూసి బాగుందనగానే, వచ్చే సదస్సు ఉపన్యాసం శీర్షిక మారిపోయింది. ఇప్పుడాయన "నా ఉప్పు" అంటున్నాడు. కన్ను కొట్టడం మాత్రం మానలేదు.

అయితే ఎలుకల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. నెలకొక్క సూది ఈ ఏడాదికి లేనట్టే.

ఆ మాట విన్న మేనత్త కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. "మా అన్న కూతురు. పెద్ద చదువు. నాకొచ్చే మందుని దగ్గరుండి ఆపించింది." తిడుతోందో, గొప్పలు పోతోందో వినేవాళ్ళకి అర్థమయ్యేది కాదు. వాళ్ళు రెండింటికీ పనికొచ్చేలా ఒక నవ్వు నవ్వి, కొలతలిచ్చి వెళ్ళిపోయేవారు.

ఒకరోజు ఆవిడ పొద్దున్నే సిరంజి పట్టుకుని కుస్తీ పడుతోంది. వేళ్ళు మరీ మొద్దుబారి, ఆ చిన్న మూత ఊడి రావడం లేదు. కత్తెర పక్కనే పడుంది. దాని పిడికి ఇప్పుడు గుడ్డపీలిక చుట్టి, వేలు దూర్చకుండా అరచేత్తో నొక్కి కోస్తోంది. కుట్టుపని సగానికి సగం పడిపోయింది.

"ఇటు తే అత్తా," అంది కందిరీగ.

మూత తీసి, గాలి బుడగ పోగొట్టి, పొట్ట మీద చుక్కలు లేని చోటు కోసం వెతికింది. అంత ఖాళీ చోటు ఎక్కడా లేదు. లక్షల పూసలు చేసిన మనిషి, ఒక్క సూది ఎవరికీ ఎప్పుడూ పొడవలేదు. ఆమె చెయ్యి వణికింది.

"ఏంటే ఆ వణుకు?" అంది మేనత్త. "డాక్టర్ల ముందు సారుని పొడిచినప్పుడు వణకలేదుగా!"

"ఆయనకి చర్మం మందం అత్తా."

"నాది మాత్రం పలచనా? కానియ్, కస్టమర్ వస్తుంది."

సూది దిగింది. మందంతా ఒక్కసారిగా లోపలికి వెళ్ళిపోయింది. ఇవాళ్టిది ఇవాళ్టికి, రేపటికి మళ్ళీ ఇంకొకటి. మేనత్త చీర సర్దుకుని లేచి, పరదా పక్కకి తోసి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరగకుండానే అంది.

"రేపట్నించి నువ్వే పొడవాలి. ఆ నెల సూది వచ్చేదాకా. ఆలస్యమయ్యే కొద్దీ నీకే పని."